అరుదైన నరాల క్షీణత జబ్బు ఉన్నవారికి ఆపరేషన్: మత్తు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏఎల్‌ఎస్ (కండరాలని నడిపే నరాలు పోయే జబ్బు), హంటింగ్టన్, మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ, పీఎస్‌పీ (ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ), ఫ్రీడ్రిక్ అటాక్సియా లాంటి జబ్బుల్లో నరకణాలు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా దెబ్బతింటూ పోతాయి. ఇలాంటి జబ్బుతో బతుకుతున్న మనిషికి తుంటి ఎముక విరిగినా, అపెండిక్స్ వాచినా, పొట్టకి ఫీడింగ్ ట్యూబ్ పెట్టాల్సి వచ్చినా ఇంట్లోవాళ్ల మొదటి టెన్షన్ మత్తు గురించే. ఈ పేజీ వాళ్ల కోసం రాసింది. ఇది మీ మత్తు డాక్టర్‌తో కూర్చుని మాట్లాడటానికి పనికొస్తుంది, ఆ డాక్టర్ నిర్ణయానికి బదులుగా వాడొద్దు.

ఈ జబ్బులున్నవాళ్లకి అసలు మత్తు ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. ఇస్తున్నారు కూడా. "ఈ జబ్బు ఉంటే మత్తే ఇవ్వకూడదు" అని చెప్పదగిన నరాల క్షీణత జబ్బు ఏదీ లేదు. కొన్ని మందులు ఇవ్వకూడదు, కొన్ని తగ్గించి ఇవ్వాలి, కొన్ని ఏర్పాట్లు ముందే చేసిపెట్టుకోవాలి. ప్రమాదం ఎక్కువగా ఎక్కడ వస్తుందంటే, జబ్బు సంగతి మత్తు డాక్టర్‌కి ఆపరేషన్ టేబుల్ దగ్గర తెలిసినప్పుడు.

జనరల్ (పూర్తిగా నిద్రపుచ్చే మత్తు) మంచిదా, నడుముకి ఇచ్చే ఇంజక్షన్ (స్పైనల్) మంచిదా?

అందరూ అడిగేది ఇదే. కానీ ఇది రెండో ప్రశ్న అవ్వాలి. మొదట తేలాల్సింది, జబ్బు ఇప్పటివరకు ఈ మనిషిలో దేన్ని దెబ్బతీసింది అన్నది. ఊపిరి కండరాలనా? మింగడాన్నా? బీపీని సర్దే నరాలనా? గుండెనా? జ్ఞాపకశక్తినా? ఒకే జబ్బు పేరున్న ఇద్దరికి వేర్వేరు మత్తు సరిపడటం మామూలే. ఏఎల్‌ఎస్ ఉన్న ఒకరికి చేతులు పడిపోయినా ఊపిరి బాగుండొచ్చు. ఇంకొకరు నడుస్తూనే ఉంటారు, కానీ వెల్లకిలా పడుకుంటే ఐదు నిమిషాలు ఉండలేరు.

ఆ చివరి సంగతి చూడండి. కాలి ఆపరేషన్‌కి స్పైనల్ ఇస్తే గొంతులో గొట్టం అక్కర్లేదు, వెంటిలేటర్ అక్కర్లేదు, కండరాలు వదులు చేసే మందులూ అక్కర్లేదు. కాగితం మీద అంతా బాగుంది. కానీ ఆపరేషన్ అయ్యేదాకా ఆ మనిషి దాదాపు వెల్లకిలా పడుకోవాలి. డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకి మధ్య ఉండే ఊపిరి కండరం) బలహీనపడిన వాళ్లకి ఆ పొజిషన్‌లోనే ఊపిరాడదు. పైగా స్పైనల్ మత్తు అనుకున్నదానికంటే పైకి ఎక్కితే పక్కటెముకల మధ్య కండరాలు కూడా పట్టుతప్పుతాయి. అలాంటి వాళ్లకి తల ఎత్తుగా పెట్టి, బైప్యాప్ (ఊపిరికి ఆసరాగా గాలి నెట్టే మిషన్) మాస్క్ ఉంచి స్పైనల్ ఇచ్చే పద్ధతి ఉంది. లేదా నేరుగా జనరల్‌కే వెళ్తారు.

ఒక్క అవయవానికి మాత్రమే ఇచ్చే నరాల బ్లాక్ చాలాసార్లు మంచి దారి. కాకపోతే భుజం ఆపరేషన్ల కోసం మెడ పక్కన ఇచ్చే ఇంటర్‌స్కేలిన్ బ్లాక్‌తో ఒక ఇబ్బంది ఉంది. మామూలు మోతాదులో ఇస్తే ఆ వైపు డయాఫ్రమ్‌ని నడిపే ఫ్రెనిక్ నరం కూడా దాదాపు ప్రతిసారీ మొద్దుబారుతుంది. ఆరోగ్యవంతులకి అది తెలియను కూడా తెలియదు. ఊపిరి సామర్థ్యం ముందే తగ్గిన మనిషికి మాత్రం సగం డయాఫ్రమ్ కొన్ని గంటలు పోవడం చిన్న విషయం కాదు.

నడుముకి సూది వేస్తే జబ్బు ముదురుతుందని విన్నాం. నిజమేనా?

ఈ భయం డాక్టర్లలోనూ చాలాకాలం ఉంది. దెబ్బతిన్న నరం దగ్గర లోకల్ మత్తుమందు పెడితే ఇంకా దెబ్బతింటుందేమో అన్న అనుమానం ఒకటి. ఆపరేషన్ తర్వాత జబ్బు తన దారిన తాను ముదిరినా, తప్పు సూది మీదకి వస్తుందన్న జంకు ఇంకొకటి. ఏఎల్‌ఎస్ ఉన్నవాళ్లకి స్పైనల్, ఎపిడ్యూరల్ (వెన్ను దగ్గర సన్నటి గొట్టంతో ఇచ్చే మత్తు) ఇచ్చి ఇబ్బంది లేకుండా ఆపరేషన్లు చేసిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. నా అభిప్రాయంలో ఊపిరి, మింగడం బాగా దెబ్బతిన్న మనిషికి ఈ భయం ఒక్కదానితోనే స్పైనల్ వద్దనుకోవడం సరికాదు. కాకపోతే సూదికి ముందు ఏ కాల్లో ఎంత బలం ఉంది, స్పర్శ ఎక్కడెక్కడ తగ్గింది అన్నది పరీక్షించి కేస్ షీట్‌లో రాయించండి. తర్వాత ఏదైనా మార్పు కనిపిస్తే పోల్చుకోవడానికి అదే ఆధారం.

ఏఎల్‌ఎస్ ఉన్నవాళ్లకి ఇవ్వకూడని మందు ఏది?

సక్సినైల్‌కోలిన్. కొందరు దీన్ని స్కోలిన్ అంటారు. ఈ పేజీలో ఒక్క మందు పేరే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

గొట్టం వేయడానికి కండరాలని నిమిషంలోపు వదులు చేసే మందు ఇది. అందుకే ఎమర్జెన్సీలో చెయ్యి ముందు దీనిమీదకే పోతుంది. మామూలు మనిషికి ఇస్తే రక్తంలో పొటాషియం లీటరుకి సుమారు 0.5 మిల్లీమోల్ పెరుగుతుంది, అంతే. కానీ నరం నుంచి సంకేతాలు అందని కండరం ఊరుకోదు. మామూలుగా నరం వచ్చి తగిలే చోట మాత్రమే ఉండాల్సిన రిసెప్టర్లని (సంకేతాల్ని అందుకునే చోట్లని) కండరం ఒళ్లంతా మొలిపించుకుంటుంది. ఆ స్థితిలో సక్సినైల్‌కోలిన్ వెళ్తే ఆ రిసెప్టర్లన్నీ ఒకేసారి తెరుచుకుని, కండరంలో ఉన్న పొటాషియం రక్తంలోకి పారుతుంది. గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూవచ్చు.

ఇది ఏఎల్‌ఎస్‌తోనే ఆగదు. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, కెనెడీ జబ్బు, ఫ్రీడ్రిక్ అటాక్సియా, ఇంకా ఏ కారణంతోనైనా కండరాలకి నరాల సంబంధం తెగుతున్న వాళ్లందరికీ ఈ మందుకు దూరంగా ఉండటమే పద్ధతి. నెలల తరబడి మంచం మీదే ఉన్నవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

దానికి బదులు వేరే మందులున్నాయిగా?

ఉన్నాయి. రొక్యురోనియం, వెక్యురోనియం, అట్రాక్యురియం లాంటివి పొటాషియాన్ని పెంచవు. ఇబ్బంది వేరే ఉంది: కండరాలు బలహీనంగా ఉన్నవాళ్లలో వీటి ప్రభావం ఎక్కువగా, ఎక్కువసేపు ఉంటుంది. అందుకే తగ్గించి మొదలుపెడతారు, కుదిరితే అసలు వాడకుండానే గొట్టం వేస్తారు.

రొక్యురోనియం, వెక్యురోనియం వాడితే ఒక వెసులుబాటు ఉంది. సుగమ్మడెక్స్ అనే మందు వాటి అణువుల్ని తనలో బంధించి, రక్తంలో పనిచేయకుండా చేస్తుంది. యూరప్‌లో 2008లో, అమెరికాలో 2015లో దీనికి అనుమతి వచ్చింది. పాత విరుగుడు నియోస్టిగ్మిన్ వేరే దారిలో పనిచేస్తుంది, బలహీనమైన కండరాల్లో అది ఎంతవరకు పనిచేస్తుందో ముందే చెప్పడం కష్టం. ఆపరేషన్‌కి ముందు "సుగమ్మడెక్స్ దొరుకుతుందా?" అని మొహమాటం లేకుండా అడగండి. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలకి ఈ మందు ఇస్తే తర్వాత 7 రోజులు వేరే జాగ్రత్త కూడా అవసరం. ఈ సంగతి చెప్పడం చాలాసార్లు మర్చిపోతారు.

మందు ప్రభావం ఎంత మిగిలిందో చూడటానికి నరానికి చిన్న కరెంటు షాకులు నాలుగు వరసగా ఇచ్చి, కండరం ఎంత కదిలిందో కొలుస్తారు. నాలుగో కదలిక మొదటిదానిలో కనీసం 0.9 వంతు ఉంటేనే గొట్టం తీయడానికి సిద్ధం అనుకోవాలి. ఇందులో ఒక మెలిక. ఆ పరికరాన్ని పడిపోయిన చెయ్యికి తగిలిస్తే లెక్క తప్పుతుంది. ఆ చెయ్యిలో రిసెప్టర్లు పెరిగి ఉండటంవల్ల మందుకు సరిగ్గా లొంగదు, మానిటర్ చూస్తే "ఇంకా మందు చాల్లేదు" అనిపిస్తుంది. మందు ఇస్తూ పోతారు, ఊపిరి కండరాలు మాత్రం ఎప్పుడో పూర్తిగా పడిపోయి ఉంటాయి. బాగా పనిచేసే చెయ్యి ఏదో మీరు ముందే చూపిస్తే మంచిది.

మా నాన్నగారికి ఏఎల్‌ఎస్. వెంటిలేటర్ పెడితే మళ్లీ తీయగలరా?

ఇది తేల్చడానికి ముందే కొన్ని కొలతలు కావాలి. ఊపిరి బలంగా ఊదించి చూసే ఎఫ్‌వీసీ పరీక్ష, వీలైతే పడుకోబెట్టి కూడా. దగ్గు ఎంత గట్టిగా వస్తోంది. రాత్రి నిద్ర ఎలా ఉంది. పొద్దున లేవగానే తలనొప్పి ఉంటోందా అన్నది తప్పకుండా చెప్పండి, ఎందుకంటే అది రాత్రంతా కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోందన్న గుర్తు కావచ్చు. ఆర్టీరియల్ బ్లడ్ గ్యాస్ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) చేస్తే సంగతి తేలిపోతుంది.

ఫీడింగ్ ట్యూబ్ విషయంలో ఎఫ్‌వీసీ మామూలుగా ఉండాల్సినదానిలో 50 శాతం కంటే కిందకి పడకముందే పెట్టించుకోవాలని మార్గదర్శకాలు చెబుతాయి. ఇంట్లో ఇంకా నోటితో తింటున్నారు కదా, తర్వాత చూద్దాం అని వాయిదా వేస్తూ పోతే, చివరికి ట్యూబ్ అత్యవసరమైన రోజుకి మత్తు ఇవ్వడమే కష్టమవుతుంది. తినగలిగిన రోజుల్లోనే పెట్టించుకుని, నోటితో తింటూ ఉండొచ్చు. ట్యూబ్ పెట్టడానికి చాలామందికి లోకల్ ఇచ్చి, చాలా తక్కువ మత్తుతో, బైప్యాప్ ఆసరాతో చేస్తారు.

ఇంట్లో బైప్యాప్ వాడుతుంటే ఆ మిషన్‌ని, సరిపడిన మాస్క్‌ని ఆస్పత్రికి తెచ్చుకోండి. జనరల్ ఇచ్చినా, గొట్టం తీసిన వెంటనే దాని మీదకి మార్చడం బయటపడటానికి పెద్ద సాయం.

ఆపరేషన్ తర్వాత ఆక్సిజన్ పెట్టారు, రీడింగ్ 98 చూపిస్తోంది. ఇంకేం భయం లేదుగా?

రిలాక్స్ అవ్వకండి. ఆక్సిజన్ పెట్టాక వేలి మీది క్లిప్ 98 చూపించొచ్చు, లోపల ఊపిరి మాత్రం పైపైనే ఆడుతుండొచ్చు. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం లేదన్న సంగతి ఆ క్లిప్‌కి తెలియదు. మనిషి మగతగా ఉంటారు, "మత్తు ఇంకా దిగలేదేమో" అనుకుంటాం. ఊపిరి కండరాలు బలహీనమైన జబ్బుల్లో ఒట్టి ఆక్సిజన్ పెట్టి వదిలేస్తే ఇలా గంటలు గడిచిపోతాయి. మగత పెరుగుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, నుదుట చెమట పడుతుంటే నర్సుని పిలిచి "కార్బన్ డయాక్సైడ్ చూశారా?" అని అడగండి.

మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీలో ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

రెండు సంగతులు. ఒకటి బీపీ, ఒకటి రాత్రి శబ్దం.

ఈ జబ్బులో బీపీని క్షణక్షణం సర్దే అటానమిక్ నరాలు దెబ్బతింటాయి. నిలబడితే పడిపోతుంది, పడుకుంటే పెరుగుతుంది. మత్తుమందు కలిసేసరికి బీపీ ఉన్నట్టుండి కిందికి జారుతుంది. గుండె వేగం పెరిగి దాన్ని ఆదుకోవాలి, అదీ జరగదు. బీపీ పెంచడానికి ఇచ్చే మందుల్లోనూ చిక్కుంది. ఎఫిడ్రిన్ లాంటివి నరాల చివర్ల దగ్గర నిల్వ ఉన్న రసాయనాన్ని విడుదల చేయించి పనిచేస్తాయి, అక్కడ సరిగ్గా పనిచేసే నరమే లేకపోతే ఫలితం ఎలా ఉంటుందో చెప్పలేం. ఫినైల్‌ఎఫ్రిన్ లాంటివి నేరుగా రక్తనాళాల మీద పనిచేస్తాయి, కానీ ఆకలితో ఉన్న రిసెప్టర్లు మామూలు మోతాదుకే అతిగా స్పందించి బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే చాలా చిన్న మోతాదులతో, చేతి ధమనిలో సన్నటి గొట్టం పెట్టి ప్రతి గుండె చప్పుడుకీ బీపీ చూస్తూ నడిపించడం మేలు. శరీరంలో నీళ్లు తగ్గకుండా ముందే సెలైన్ పెట్టాలి. బీపీ నిలబెట్టే మిడోడ్రిన్, ఫ్లూడ్రోకార్టిసోన్ వాడుతుంటే ఎప్పుడు వేసుకున్నారో కూడా చెప్పండి.

ఇక రాత్రి శబ్దం. నిద్రలో లోపలికి గాలి పీల్చేటప్పుడు సన్నగా, ఈలలాగా, కీచుమని వినిపిస్తోందా? గురకకంటే ఇది వేరుగా ఉంటుంది, గురక బరువుగా ఉంటుంది. ఈ శబ్దాన్ని స్ట్రైడర్ అంటారు. స్వరతంతులు విచ్చుకోవడం లేదని దాని అర్థం. అలాంటి మనిషికి జనరల్ ఇచ్చి గొట్టం తీసిన కాసేపటికి గొంతు మూసుకుపోవచ్చు. ఫోన్‌లో రాత్రి ఆ శబ్దం ఒక నిమిషం రికార్డు చేసి మత్తు డాక్టర్‌కి వినిపించండి. మాటల్లో పది నిమిషాలు చెప్పినా తెలియనిది ఆ రికార్డింగ్‌లో తెలిసిపోతుంది. అవసరమైతే ఈఎన్‌టీ డాక్టర్ ముందే స్వరతంతులు చూస్తారు.

ఇంకో మాట. ఈ జబ్బు కొందరిలో మొదట మూత్రం ఇబ్బందులతోనే బయటపడుతుంది, ప్రోస్టేట్ అనుకుని ఆపరేషన్‌కి తీసుకెళ్తారు. నిలబడితే కళ్లు తిరగడం, నడకలో మార్పు కూడా ఉంటే ఆ ఆపరేషన్‌కి ముందు న్యూరాలజిస్ట్‌కి చూపించడం చాలా అవసరం.

హంటింగ్టన్ జబ్బు ఉన్న మనిషి కదలకుండా ఉండలేరు. ఎలా ఇస్తారు?

కదలికలు నిద్రలో తగ్గుతాయి, జనరల్ మత్తులో దాదాపు ఆగిపోతాయి. కాబట్టి ఎక్కువమందికి జనరల్ ఇస్తారు. స్పైనల్ అసాధ్యమేమీ కాదు, కానీ సూది వేసేటప్పుడు వంగి కదలకుండా కూర్చోవాలి, ఆ తర్వాత పైసగం శరీరం కదులుతూనే ఉంటుంది.

అసలు చిక్కు గొంతులో ఉంది. మింగే కండరాలు లయ తప్పి, నీళ్లు తాగినా పొలమారుతుంది. పొట్టలో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పు ఎక్కువ. పరగడుపు నియమాన్ని గట్టిగా పాటించాలి, ఘనాహారం 6 గంటలు, నీళ్లు 2 గంటలు అన్నది కనీస హద్దు. మత్తు వదిలేటప్పుడు పూర్తి మెలకువ వచ్చాకే గొట్టం తీయాలి. పాత మత్తుమందు థయోపెంటాల్‌తో కొందరికి ఊపిరి చాలాసేపు ఆగిన కేసులు నమోదయ్యాయి. ఇప్పుడు ఎక్కువగా ప్రొపోఫాల్ వాడతారు. ఆపరేషన్ తర్వాత వణుకు వస్తే ఒళ్లంతా బిగుసుకునే ఈడ్పుగా మారొచ్చు కాబట్టి ఒంటిని వెచ్చగా ఉంచడం ఇక్కడ పెద్ద వైద్యమే.

కదలికలు తగ్గించే టెట్రాబెనజిన్ వాడుతుంటే వాంతులకి మెటోక్లోప్రమైడ్ ఇవ్వకూడదు, రెండూ డోపమిన్ (మెదడులో కదలికల్ని సర్దే రసాయనం) పనినే తగ్గిస్తాయి. టెట్రాబెనజిన్‌కి గుండె ఈసీజీలో క్యూటీ విరామాన్ని పెంచే గుణం ఉంది (అది ఎక్కువైతే గుండె లయ తప్పొచ్చు), వాంతుల మందు ఒండాన్‌సెట్రాన్‌కీ ఉంది. అందుకని ముందు ఒక ఈసీజీ తీయించాలి.

ఫ్రీడ్రిక్ అటాక్సియా?

గుండె చూడకుండా ముందుకు వెళ్లొద్దు. నడక తూలుతుందని వచ్చే పిల్లల్లో, యువకుల్లో గుండె కండరం మందమై ఉండటం చాలా సాధారణం, వాళ్లకి ఏ ఇబ్బందీ తెలియకపోయినా సరే. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) తప్పనిసరి. కొందరికి షుగర్ కూడా ఉంటుంది. వెన్ను వంకర సరిచేసే పెద్ద ఆపరేషన్‌కి వస్తారు కాబట్టి గంటల తరబడి మత్తు, రక్తం పోవడం, గుండె మీద భారం అన్నీ ఒకేరోజు కలుస్తాయి. ఎకో ఏడాది క్రితం చేయించాం అంటే సరిపోదు.

పీఎస్‌పీ ఉన్న అమ్మ పడిపోయి తుంటి విరిగింది. ఏం జాగ్రత్త?

పీఎస్‌పీలో వెనక్కి విరుచుకుపడటం జబ్బు లక్షణమే కాబట్టి ఎముకలు విరగడం ఎక్కువ. మెడ వెనక్కి బిగిసి ఉంటే గొట్టం వేయడం కష్టం, వీడియో లారింగోస్కోప్ (కెమెరాతో గొంతు చూపించే పరికరం) దగ్గర పెట్టుకోవాలి. పొలమారడం ఉంటుంది. కూర్చోబెట్టడం కుదిరితే స్పైనల్ మంచి ఎంపిక, నొప్పికి తుంటి ప్రాంతపు నరాల బ్లాక్ ఇస్తే మార్ఫిన్ లాంటి మందుల అవసరం తగ్గుతుంది.

ఈ జబ్బులో కొందరు ఉన్నట్టుండి ఏడుస్తారు లేదా నవ్వుతారు. లోపల బాధతో సంబంధం లేకుండా వచ్చేది అది. ఏఎల్‌ఎస్‌లోనూ ఉంటుంది. రికవరీలో ఏడుస్తుంటే నొప్పి అనుకుని మందు పెంచుతూ పోయే ప్రమాదం ఉంది. అలాగని నిజమైన నొప్పిని కొట్టిపారేయనూ కూడదు. ఇంట్లోవాళ్లకి ఆ తేడా తెలుసు, అందుకే దగ్గరుండాలి.

రోజూ వేసుకునే మందులు ఆపాలా?

చాలావరకు ఆపకూడదు. మాత్ర మింగడానికి గుక్కెడు నీళ్లు పరగడుపు నియమానికి అడ్డం కావు.

లెవోడోపా (పార్కిన్సన్ లక్షణాలకి ఇచ్చే మందు) వాడేవాళ్లు ఆపరేషన్ రోజు కూడా వేళకే వేసుకోవాలి. రక్తంలో దాని సగం ఒకటి, ఒకటిన్నర గంటల్లోనే తరిగిపోతుంది. రెండు డోసులు తప్పితే ఒళ్లు కట్టెలా బిగిసి, ఊపిరి, గుటక రెండూ దెబ్బతింటాయి. ఆపరేషన్ పొడవైతే ముక్కు గొట్టం ద్వారా ఇస్తారు, లేదా ముందే చర్మం మీద అంటించే ప్యాచ్‌కి మారుస్తారు. వాంతులకి మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, కలవరానికి (డెలీరియం, అంటే మనిషి ఉన్నట్టుండి తికమకపడటం) హాలోపెరిడాల్ వీళ్లకి వద్దు. వార్డులో రాత్రి డ్యూటీలో అలవాటుగా రాసేసే మందులు ఇవే కాబట్టి కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాయించండి.

రసాజిలిన్, సెలెజిలిన్ (ఇవీ పార్కిన్సన్ మందులే) వాడేవాళ్లకి నొప్పి మందులైన పెథిడిన్, ట్రమడాల్ ఇస్తే ప్రాణం మీదకి రావచ్చు. బిగుతుకి బాక్లోఫెన్ వాడేవాళ్లు దాన్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, తీవ్రమైన జ్వరం వచ్చే ప్రమాదం ఉంది.

పిల్లల్లో వచ్చే జబ్బుల సంగతి?

ప్రతి జబ్బుకీ ఒక తాళం చెవి ఉంటుంది, అది ముందే తెలుసుకోవాలి. లీ సిండ్రోమ్ లాంటి మైటోకాండ్రియా జబ్బుల్లో పిల్లల్ని ఎక్కువసేపు పస్తు ఉంచకూడదు, గ్లూకోజ్ సెలైన్ నడుస్తూ ఉండాలి, లాక్టేట్ ఉన్న సెలైన్లు తప్పించాలి, ప్రొపోఫాల్‌ని గంటల తరబడి డ్రిప్‌గా ఇవ్వకూడదు. ఎక్స్ లింక్డ్ అడ్రినోల్యూకోడిస్ట్రఫీలో అడ్రినల్ గ్రంథి పనిచేయకపోవచ్చు, ఆపరేషన్ ఒత్తిడికి హైడ్రోకార్టిసోన్ ఇవ్వకపోతే బీపీ కుప్పకూలుతుంది. బాటెన్ జబ్బు పిల్లల్లో మత్తు కింద ఒంటి వేడి, గుండె వేగం పడిపోవడం గమనించారు. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ పిల్లలకి 2016లో వచ్చిన నుసినెర్సెన్ వెన్నులోకే ఇవ్వాలి, కాబట్టి వెన్ను ఆపరేషన్ చేసేటప్పుడే సూదికి దారి ఉంచమని సర్జన్‌తో మాట్లాడాలి.

మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా వస్తుందా?

మత్తులో ఒంటి వేడి ప్రమాదకరంగా పెరిగిపోయే ఈ స్థితి ప్రధానంగా ఆర్‌వైఆర్1 జన్యువుతో ముడిపడిన కండరాల సమస్య. పైన చెప్పిన నరాల క్షీణత జబ్బులకి దానితో నేరుగా సంబంధం లేదు. మీ కుటుంబంలో ఎవరికైనా మత్తులో విపరీతమైన జ్వరం వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం వేరే సంగతి, తప్పక చెప్పండి.

క్రాయిట్స్‌ఫెల్ట్ యాకబ్ జబ్బు అనుమానం ఉంటే?

ముందే చెప్పాలి, దాచకూడదు. మెదడుని దెబ్బతీసే ఈ జబ్బుకి కారణమైన ప్రియాన్లు (వంకర తిరిగిన ప్రొటీన్లు) మామూలు స్టెరిలైజేషన్‌కి లొంగవు. 134 డిగ్రీల ఆవిరిలో 18 నిమిషాలు, సోడియం హైడ్రాక్సైడ్ లాంటి ప్రత్యేక పద్ధతులు కావాలి, వీలైనచోట ఒక్కసారి వాడి పారేసే పరికరాలు వాడతారు. మెదడు, వెన్నుపాము, కంటి ఆపరేషన్లలో ఇది మరీ ముఖ్యం. మామూలుగా ముట్టుకోవడం, పక్కన కూర్చోవడం వల్ల అంటుకోదు కాబట్టి రోగిని దూరం పెట్టాల్సిన పనిలేదు.

మత్తు వల్ల జబ్బు వేగం పెరుగుతుందా? మతిమరుపు ఎక్కువవుతుందా?

ప్రయోగశాలలో జంతువుల మీద, కణాల మీద కొన్ని పీల్చే మత్తుమందులు చెడు ప్రొటీన్ల పోగుని పెంచినట్టు కనిపించింది. మనుషుల్లో అది రుజువు కాలేదు. స్పైనల్ ఇస్తే బుర్ర బాగుంటుందన్న నమ్మకాన్ని 2021లో వచ్చిన రీగెయిన్ అధ్యయనం పరీక్షించింది. తుంటి విరిగిన 1600 మందిలో స్పైనల్, జనరల్ వర్గాల మధ్య కలవరం రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వాళ్లు ఈ అరుదైన జబ్బులవాళ్లు కారు, అయినా ఆ నమ్మకం మీద మాత్రమే ఎంపిక చేయొద్దని అది చెబుతుంది.

కలవరాన్ని తగ్గించేవి చాలా మామూలు పనులు. మిడజోలమ్ లాంటి నిద్రమందులు, అట్రోపిన్, స్కోపలమిన్ వీలైనంత తప్పించడం, మత్తు అవసరానికి మించి లోతుగా వెళ్లకుండా చూడటం, కళ్లజోడు, వినికిడి మిషన్ వెంటనే తిరిగి పెట్టడం, రాత్రి నిద్రపోనివ్వడం.

మాట్లాడలేని మనిషి మెలకువ వచ్చాక ఎలా చెబుతారు?

ఏఎల్‌ఎస్‌లో మాట పోయినవాళ్లకి ఇది పెద్ద నరకం. మెలకువ ఉంది, నొప్పి ఉంది, ఊపిరి ఇబ్బందిగా ఉంది, చెప్పే దారి లేదు. చుట్టూ ఉన్నది కొత్త మొహాలు. ముందురోజే ఒక సంజ్ఞ ఖాయం చేయండి: కళ్లు ఒకసారి మూస్తే అవును, రెండుసార్లు మూస్తే కాదు. నొప్పి, ఊపిరి, చొంగ తీయాలి, పక్కకి తిప్పాలి, చలి అన్న ఐదు మాటలు పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి మంచానికి తగిలించండి. రికవరీలోకి ఒకరిని రానివ్వమని ముందే రాతపూర్వకంగా అనుమతి అడగండి.

గొట్టం తీయలేకపోతే మెడకి రంధ్రం వద్దని ఆయన ముందే అన్నారు. అది మత్తు డాక్టర్‌కి చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి, ఆయన నోటితోనే చెప్పిస్తే ఇంకా మంచిది. చాలా కుటుంబాలు ఈ మాట ఎత్తడానికి భయపడతాయి, అపశకునం అనుకుంటాయి. కానీ ఆపరేషన్ అయిన మూడో రోజు ఐసీయూ బయట, మనిషి స్పృహలో లేనప్పుడు, అన్నదమ్ములు తలో మాట అంటూ తీసుకునే నిర్ణయం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. ఎన్ని రోజులు వెంటిలేటర్ మీద ప్రయత్నించాలి, ఎప్పుడు ఆపి మాస్క్‌కి మార్చాలి అన్నది కూడా మాట్లాడి కేస్ షీట్‌లో రాయించండి. ఆపరేషన్ సమయం వరకే ఆ నిర్ణయంలో కొంత సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఆయన ఇష్టమే.

అర్ధరాత్రి ఎమర్జెన్సీలో వెళ్లాల్సివస్తే ఏం చెప్పాలి?

పాత రిపోర్టుల కట్ట చదివే టైమ్ అప్పుడు ఎవరికీ ఉండదు. ఒక్క కాగితం ముందే సిద్ధం చేసి పర్సులో పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో ఉంచండి. జబ్బు పేరు, ఎప్పటి నుంచి. సక్సినైల్‌కోలిన్ ఇవ్వకూడదా అన్నది మొదటి వరసలో. చివరి ఎఫ్‌వీసీ, దాని తేదీ. ఎకో ఫలితం. పొలమారుతుందా, స్ట్రైడర్ ఉందా. మందులు, వేళలు, ఇవ్వకూడని మందులు. బైప్యాప్ సెట్టింగులు. ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు ఏం జరిగింది. న్యూరాలజిస్ట్ ఫోన్ నంబరు. ఈ కాగితాన్ని మూడు నెలలకోసారి సరిచూసుకోండి, ఎందుకంటే ఈ జబ్బుల్లో ఆర్నెల్ల కిందటి ఎఫ్‌వీసీ ఇవాళ్టి మనిషిది కాదు.